జీతము గొనని స్థపతి

రోము నగరమందలి సెంట్ పీటరు దేవాలయపు గోపురమును పటములయందైనను చూడని సోదరీమణు లరుదుగా నుందురు. ఆ గోపురమునకు రూపు కల్పించిన స్థపతి మైకెలాంజెలో. ఆయన చెక్కిన విగ్రహములను గూర్చియు, సిస్టైను ప్రార్థనామందిరపు కప్పుమీద 1508 మొదలు 1512 వరకు వ్రాసిన చిత్రములను గూర్చియు గొప్ప గ్రంథములు పెక్కులు గలవు. ఆ కథను మే మిచట మరల చెప్పబోము. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట కాసైన పుచ్చుకొనక పదునేడేండ్లు ఆయన మోసిన యొక బరువును గూర్చియు, ఆ ముదిమిలోనే చాటుగా చేసిన దానములను గూర్చియు, ఆయన కవితను గూర్చియు మాత్రమే ముచ్చటింపదలచితిమి.

ఆయన 1475వ సంవత్సరము మార్చి 6వ తేదీన ఇటలీ దేశమున కాప్రేసే యను చిన్న యూర జన్మించెను. పసికందుగా నున్నప్పుడే సెట్టిన్యానో గ్రామమందలి యొక రాతిపనివాని భార్యకు పాలిచ్చి పెంచుటకై యప్పగించిరి. ఉలియు సుత్తియు తనకు ఆ దాదిపాలతోడనే యబ్బినవని పెద్దయైన పిదప నవ్వుచు చెప్పుచుండెడివాడట. ఆరేండ్లు నిండిన కొలదికాలమునకే కన్నతల్లి గతించెను. రాతిపని తమ వంశగౌరవమునకు తగదని తండ్రి కొట్టి తిట్టి చూచెను గాని, బాలుడు మానలేదు.

తాను కట్టిన గోడలతో ఊరిని కాపాడవలసిన యక్కర 1529లో వచ్చెను. చక్రవర్తి సైన్యమును పోపు సైన్యమును గలిసి ఫ్లారెన్సు నగరముపై దండెత్తి వచ్చుచుండగా, పురజనులు కోటపనుల పెత్తనమంతయు మైకెలాంజెలో చేతికిచ్చిరి. సాన్ మినియాతో కొండమీది ఘంటాస్తంభముపై ఫిరంగులు గురిపెట్టబడెను. ఆయన యేమి చేసెనో చూడుడు! ఉన్నిమూటలను పరుపులను త్రాళ్లతో ఆ స్తంభముచుట్టును వ్రేలాడగట్టించెను. గుండ్లు వచ్చి మెత్తని పరుపులకు తగిలి బలము చెడి పడిపోయెను. ఇంత నేర్పరియు నడుమ నొకమారు భయపడి వెనిసు నగరమునకు పారిపోయెననుటయు నిజమే, మనము దాచనక్కరలేదు. మరల తనంతట తానే తిరిగివచ్చెను. 1530 ఆగస్టులో నగరము లొంగిపోయెను.

1534 మొదలు రోములోనే నివసించెను. అచటనే విట్టోరియా కొలొన్నా యను విదుషీమణితో స్నేహము కలిగెను. ఈమె ఉన్నతకులమున బుట్టి, 1525లో భర్తను గోలుపోయి, మరల పెండ్లి తలపెట్టక మఠములయందు కాలము గడపుచు కవిత్వము వ్రాసిన సాధ్వి. ఆమె పద్యములు 1538లో పార్మా నగరమున అచ్చయ్యెను. ఆదివారముల నొక దేవాలయమున ఈ యిరువురును మిత్రులతో గూడి శిల్పమును గూర్చి ప్రసంగించుచుండగా, పోర్చుగల్ దేశపు చిత్రకారుడొకడు విని వ్రాసిపెట్టెను. ఆమె తన పద్యములు గల చిన్న చర్మపత్రపు పుస్తకమును మైకెలాంజెలో కిచ్చెను. ఆయన యామెకు పద్యములు వ్రాసెను. ఉత్తరముల వెనుకను, చిత్రములు గీసిన కాగితముల మూలలను ఆయన పద్యములు నేటికిని గానవచ్చును. మొత్తము సుమారు మున్నూరు మిగిలినవి. వానిలో భక్తియు విరహమునే గాక, ఊగులాడు పండ్లను చెవులలోని హోరును దలచి తన్ను తానే వెక్కిరించుకొన్న ముసలి హాస్యమును గలదు. సుమారు తొంబది పద్యములను అచ్చొత్తింపదలచి ఒక మిత్రుని సాయమున సిద్ధపరచెను గాని, 1546లో ఆ మిత్రుడు మరణింపగా ఆ పని మూలబడెను. 1547 ఫిబ్రవరిలో విట్టోరియాయు గతించెను. ఆమె యంత్యకాలమున చేతిని మాత్రమే ముద్దిడితిని, నుదుటినైనను ముద్దిడనైతినని ఆయన పలుమారు వగచినట్లు శిష్యుడు కొండివి వ్రాసినాడు.

ఈ దుఃఖము నడుమనే సెంట్ పీటరు భారము నెత్తిన బడెను. ఆ దేవాలయపు పని 1506లో మొదలై నలుబదియేండ్లు స్థపతుల చేతులు మారి, సగము కట్టడమై నిలిచియుండెను. 1546లో అప్పటి స్థపతి సాంగల్లో చనిపోగా మూడవ పాలు పోపు మైకెలాంజెలోను పిలిపించెను. గృహనిర్మాణము తన వృత్తి కాదని ఆయన తప్పించుకొనజూచెను, పోపు వినలేదు. తుదకు జీతము పుచ్చుకొనననియు, దైవప్రీతికొరకే చేయుదుననియు నియమము పెట్టి యొప్పుకొనెను.

సాంగల్లో కొయ్యతో జేయించిన నమూనాకు ఏడేండ్లు పట్టి, నాలుగువేల నాణెములకు పైగా ఖర్చయ్యెనట. మైకెలాంజెలో తన నమూనాను పదునైదు దినములలో ఇరువదియైదు నాణెములతో ముగించెనని వసారి యను చరిత్రకారుడు చెప్పుచున్నాడు. పాత నమూనాయందు వెలుతురు చాలదనియు, దుండగులు దాగుటకు చీకటిమూల లెక్కువయనియు, సాయంకాలము తలుపులు మూయునప్పుడు దాగినవారిని వెదకుటకు ఇరువదియైదుగురు మనుష్యులు కావలెననియు ఆయన వ్రాసెను. ఇల్లు దిద్దుకొను నాడువారికి ఈ మాట వెంటనే బోధపడును! నాసిరకపు సరకు దెచ్చు కంట్రాక్టుదారులతో ఆయనకు నిత్యము కలహమే. స్వస్థలమునకు రమ్మని ఫ్లారెన్సు ప్రభువు పిలిచినను, తాను పోయిన దొంగలకు పండుగ యగునని కదలలేదు.

ఆయన బీదవాడనుకొందురేమో, కాదు. ధనము పుష్కలముగా గడించెను. కాని బ్రతుకు మాత్రము బీదవానిదే. తమ్ముని కుమారుడైన లియొనార్డో పంపిన మూడు చొక్కాలు మోటుగా నున్నవని, పల్లెటూరి రైతుకూడ తొడుగుకొన సిగ్గుపడునని చీవాట్లు వ్రాసినవాడే, మరియొకమారు ఎనుబదియారు బేరిపండ్లు వచ్చినవనియు, ముప్పదిమూడింటిని పోపుకు పంపితిననియు లెక్క చెప్పి సంతసించెను.

ఆ లియొనార్డోకు వ్రాసిన ఉత్తరములలోనే మామనస్సును కరగించు సంగతి యున్నది. ఫ్లారెన్సులో నాడు కట్నము లేని పిల్లకు పెండ్లి లేదు. ఈ బాధను బట్టియే నగరపాలకులు 1425లో కట్నముల నిధి యొకటి స్థాపించిరి; తండ్రులు పిల్లలు చిన్నవారై యుండగనే దానిలో సొమ్ము వేసి పెంచుకొనుచుండిరి. అట్లు వేయలేని యింటి పిల్లలు మఠమునకు పోవలసినదే. మానముగల కుటుంబములు లేమినబడి, అడుగలేక ఇంట కూతుండ్రను పెట్టుకొని కుములుచుండు వారెవరైన నున్న తనకు తెలుపుమని మైకెలాంజెలో వ్రాసెను. సొమ్ము తాను పంపుదుననియు, గుట్టుగా నిమ్మనియు ఆజ్ఞ. ఎవరిచ్చినది పుచ్చుకొన్నవారికే తెలియరాదన్నంత జాగ్రత్త. మన దేశమునను ఈ చాటు దానము విలువ తెలియని తల్లి యుండదు.

ఇరువదియారేండ్లు తన్ను కొలిచిన ఉర్బీనో యను సేవకుడు జబ్బుపడగా, ఎనుబదియేండ్ల యజమానుడు రాత్రులు తొడిగిన బట్టలతోడనే పరుండి పరిచర్య చేసెను. అతడు పోయిన పిదప విధవరాలు కోర్నేలియాతోడను పిల్లలతోడను ఉత్తరప్రత్యుత్తరములు సాగించి, వారి మంచిచెడ్డలు విచారించుచుండెను. వారిలో నొకనికి ఈయన పేరే.

1564 ఫిబ్రవరి 18వ తేదీన, ఎనుబదితొమ్మిదేండ్లు నిండుటకు పదునేడు దినములుండగా, రోములో దేహము చాలించెను. అప్పటికి గోపురమును మోయు గుండ్రని గోడ చాలవరకు లేచియుండెను. శిఖరమును ఆయన చూడలేదు. జాకొమో దెల్లా పోర్టా 1590లో దానిని పూర్తిచేసెను. పద్యములను తమ్ముని మనుమడొకడు 1623లో అచ్చొత్తించెను గాని, లోకము తప్పుపట్టునేమో యని మాటలు మార్చి కొన్నిటిని పొందిక చెడగొట్టెను. స్వదస్తూరితో నున్న ప్రతులను జూచి సరిచేసిన ముద్రణ 1863లో గాని వెలువడలేదు.