కరెంటు ఎక్కడ, ఎందుకు కాలుతోంది?

ఎండలు ముదిరాయంటే కరెంటు వాడకం వార్తలకెక్కుతుంది. రికార్డు కొట్టామని ఒకరు సంబరపడతారు, అంతా దుబారా అని ఇంకొకరు విసుక్కుంటారు. ఇద్దరూ చూసేది మొత్తం అంకెనే. అందులో నీళ్ల పాలు ఎంత, ఫ్యాక్టరీల పాలు ఎంత, ఎప్పుడో తీసుకున్న ప్రభుత్వ నిర్ణయాల పాలు ఎంత అని విడదీసి చూస్తే, తరచూ వినే మాటలు కొన్ని నిలబడవు.

అపోహ 1: జనం ఎక్కువున్న చోటే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది.

వాస్తవం: దీనికి జవాబు రాష్ట్ర విభజన లెక్కల్లోనే ఉంది. 2014లో చాలా పంపకాలు జనాభా నిష్పత్తిలో జరిగాయి: ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతం. కరెంటును మాత్రం అంతకుముందు ఐదేళ్ల వాడకాన్ని బట్టి పంచారు. అందులో తెలంగాణకు 53.89, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం వచ్చాయి. జనం తక్కువున్న వైపే వాడకం ఎక్కువ. హైదరాబాద్, దాని చుట్టూ ఉన్న పరిశ్రమలు ఒక కారణమైతే, బోర్ల మీద ఆధారపడ్డ సేద్యం రెండోది.

అపోహ 2: ఇళ్లలో దుబారా వల్లే కొరత వస్తోంది.

వాస్తవం: దేశం వాడే కరెంటులో పరిశ్రమలది దాదాపు 40 శాతం. ఇళ్లది పావు వంతు, వ్యవసాయానిది ఇంచుమించు ఆరో వంతు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు జనమంతా ఇళ్లలోనే ఉన్నారు, ఫ్యాన్లూ టీవీలూ ఆగింది లేదు. అయినా అంతకుముందు ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే దేశంలో వాడకం ఐదో వంతుకు పైగా పడిపోయింది. ఆగింది యంత్రాలు, దుకాణాలు, రైళ్లు. ఇంట్లో పొదుపు వద్దని కాదు. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టడం మంచిదే. కానీ ఇంటికొచ్చే ఒకటిన్నర టన్నుల ఏసీ గంటసేపట్లో ఆ మిగులునంతా మింగేస్తుంది. ఇకమీదట ఇళ్ల బిల్లును నడిపేది బల్బులు కాదు, ఏసీలే.

అపోహ 3: ఉచితంగా ఇవ్వబట్టే సేద్యానికి ఇంత కరెంటు పోతోంది.

వాస్తవం: ఇది సగమే నిజం. గోదావరి డెల్టాలో ధవళేశ్వరం దగ్గర మళ్లించిన నీరు కాలువల్లో పల్లానికి తనంతట తానే పారుతుంది. తెలంగాణలో నది కింద, పొలం మీద. కాళేశ్వరం ఎత్తిపోతల్లోని గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు, అలాంటివి ఏడున్నాయి. అనంతపురంలోనైతే వందల అడుగుల లోతు నుంచి బోరు నీళ్లు తోడాలి. ఎకరం తడవడానికి పట్టే కరెంటును ముందుగా నిర్ణయించేది నేల వాలు, నీటి లోతు.

ఆ మీదట ఉచితం పాత్ర. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత కరెంటు మొదలైంది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటలైంది. బిల్లు లేనప్పుడు పాత మోటారు మార్చాలని ఎవరికీ తోచదు. ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే మడి నిండినా మోటారు ఆగదు. ఇంకో చిక్కూ ఉంది. చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు, సేద్యం వాడకమని చెప్పేది ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నమూనాగా తీసిన రీడింగులతో కట్టిన అంచనా. లైన్లలో పోయిందీ, చోరీ అయిందీ కొంత రైతు ఖాతాలో పడే వీలుంది.

అపోహ 4: ఎండ ఎంత ముదిరితే వాడకం అంత పెరుగుతుంది.

వాస్తవం: దేశం మొత్తం మీద ఎండ ప్రభావం గట్టిదే. 2024 మే 30న గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. కానీ తెలంగాణలో డిమాండ్ తారస్థాయికి చేరేది తరచూ మార్చిలో, యాసంగి వరికి నీళ్లు తప్పనిసరైన వేళ. కోతలయ్యాక, ఎండలు మండుతున్నా ఆ భారం దిగుతుంది. 2023లో ఆగస్టు వానలు ముఖం చాటేశాయి, ఆ ఏడాది దేశ గరిష్ఠ డిమాండ్ ఎండాకాలంలో కాకుండా సెప్టెంబరులో నమోదైంది.

అపోహ 5: బొగ్గు ఉన్న ప్రాంతానికే కరెంటు, పరిశ్రమలు దక్కుతాయి.

వాస్తవం: బొగ్గు గనులున్న జార్ఖండ్‌ను చూస్తే ఈ మాట తేలిపోతుంది. 1950ల నుంచి 1990ల తొలినాళ్ల దాకా కేంద్రం రవాణా ఖర్చును సమం చేసి, ఉక్కును దేశమంతటా ఒకే ధరకు అందించింది. గనుల పక్కనే ఫ్యాక్టరీ పెట్టాల్సిన అవసరం తగ్గింది. ఓడరేవులూ మార్కెట్లూ ఉన్న పడమర, దక్షిణాలకు అది కలిసొచ్చింది. కరెంటు కూడా పుట్టినచోట ఆగదు. రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం నుంచి దక్షిణాది రాష్ట్రాలు వాటాలు పంచుకుంటాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసిపోయింది.

అపోహ 6: తలసరి వాడకం తక్కువంటే పొదుపు, ఎక్కువంటే సుఖం.

వాస్తవం: దేశ తలసరి వాడకం ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు. బిహార్‌లో అందులో మూడో వంతు కూడా లేదు. కారణం పొదుపు కాదు, ఫ్యాక్టరీలు తక్కువ కావడం, ఇళ్లలో ఉపకరణాలు తక్కువ కావడం. పొయ్యిలో కాలే కట్టెలు, పిడకలు ఏ మీటరుకూ ఎక్కవు. అటు తలసరిలో ముందుండే దాద్రా నగర్ హవేలీలో కరెంటు కాలేది ఎక్కువగా సిల్వస్సా ఫ్యాక్టరీల్లో. మొత్తం వాడకాన్ని జనాభాతో భాగిస్తే వచ్చేదే తలసరి, అది ఏ ఇంటి మీటరు రీడింగూ కాదు.

ఈ విడదీత లెక్కల కోసం మాత్రమే కాదు. పంపుసెట్టును సోలార్ కరెంటు దండిగా ఉండే పగటివేళకు మార్చవచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో పగలే తొమ్మిది గంటలు ఇస్తున్నారు. ఉక్కపోసే రాత్రి ఏసీని పగటికి జరపలేం. అందుకే సేద్యం డిమాండుకూ, నగరం డిమాండుకూ ఒకే మందు పనిచేయదు. డిమాండ్ పెరిగిందన్న వార్త వచ్చినప్పుడు ఎంత అన్నదానితో పాటు ఏ గంటకు, ఎవరి మోటారుకు అని కూడా అడగాలి.