అలవాటుకు బలం ఎక్కడి నుండి వస్తుంది?

దుకాణం ముందు పిల్లవాడు కింద పడి ఏడుస్తాడు. నలుగురూ చూస్తున్నారని తల్లి చాక్లెట్ కొనిస్తుంది. ఏడుపు ఆగుతుంది. మర్నాడు అక్కడే మళ్ళీ ఏడుస్తాడు. ఒక పని చేసిన వెంటనే కలిగిన ఫలితం ఆ పనిని మళ్ళీ మళ్ళీ చేయిస్తే దానిని పునర్బలనం అంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1938లో దీనిపై పెద్ద గ్రంథమే రాశారు.

ఇది రెండు రకాలు. ఇష్టమైనది దొరకడం ధనాత్మకం. బాధ తొలగిపోవడం రుణాత్మకం. రుణాత్మకం అంటే శిక్ష కాదు. పిల్లవాడికి చాక్లెట్ దొరికింది, తల్లికి గోల తప్పింది. అలవాటు ఇద్దరికీ అయింది!

కల్లు ఎందుకు మానలేరు?

పటాన్‌చెరులో షిఫ్టు దిగి నేరుగా కల్లు దుకాణానికి వెళ్ళేవారు మన కుటుంబాలలోనూ ఉన్నారు. "సరదాకి తాగుతున్నాడు" అని ఇంట్లోవారు అనుకుంటారు. మొదట్లో అది నిజమే కావచ్చు. కాని కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. కొన్నాళ్ళకు ఒక పూట తాగకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. తాగగానే అవి తగ్గుతాయి. అంటే ఇప్పుడతను సుఖం కోసం కాదు, బాధ పోవడానికి తాగుతున్నాడు.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎంతోమంది వణుకుతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులలో చేరారు. కనుక ఒక్కసారిగా మాన్పించి గదిలో పెట్టి తాళం వేయకండి. ఫిట్స్ వచ్చి ప్రాణానికే ముప్పు కలగవచ్చు. ఆసుపత్రికి తీసుకురండి. డాక్టరుగారు మందులిచ్చి వాటిని కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

ఇంట్లోవారు చేయవలసినవి

1. తాగకుండా ఇంటికి వచ్చిన రోజున పాత గొడవలు తీయకండి. వేడిగా అన్నం పెట్టి, పిల్లలను దగ్గర కూర్చోబెట్టండి.

2. మెచ్చుకోవడం వెంటనే జరగాలి. "ఈ రోజు తాగకుండా వచ్చావు, సంతోషం" అని ఆ పనిని పేరు పెట్టి చెప్పండి. నెలాఖరు బహుమతికంటే ఈ మాటే బలమైనది.

3. మొదట్లో ప్రతిసారీ మెచ్చుకోండి. అలవాటు కుదిరాక అప్పుడప్పుడు చాలు.

4. పిల్లల మొండికి లొంగడం మానితే మొదట ఏడుపు పెరుగుతుంది. భయపడకండి. మూడు రోజులు ఓర్చుకుని నాలుగో రోజు చాక్లెట్ ఇస్తే మొండితనం ఇంకా ముదురుతుంది.

తప్పు చేసినప్పుడు అందరం గమనిస్తాం. మంచి చేసినప్పుడు కూడా గమనించామా అని ఈ రాత్రి భోజనాల దగ్గర ఒకసారి ఆలోచించండి.