.315 స్పోర్టింగ్ రైఫిల్

.315 స్పోర్టింగ్ రైఫిల్ పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే బోల్టు తరహా వేట తుపాకి. భారతదేశంలో లైసెన్సు పొందిన సామాన్య పౌరునికి అందుబాటులో ఉండే పెద్ద క్యాలిబర్ రైఫిల్‌గా ఇది చాలాకాలంగా పేరు పొందినది. దుప్పి, కణితి, అడవిపంది వంటి జంతువుల వేటకు దీని తూటా సరిపోతుంది. అయితే నేడు దేశంలో జింకల వేట పూర్తిగా నిషిద్ధము. కనుక ఈ తుపాకిని ఉంచుకొనడానికి లైసెన్సు లభించినా, దానితో జింకను వేటాడే హక్కు మాత్రం లభించదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు వేట చరిత్రను పరిశీలిస్తే ఈ తేడా ఎలా ఏర్పడినదో తెలుస్తుంది.

పుట్టుక

బ్రిటిష్ పాలనలో భారత సైన్యం .303 తూటాను వాడేది. సైన్యపు తూటాలు దొంగతనంగా తిరుగుబాటుదారుల చేతికి చేరతాయనే భయంతో 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ప్రభుత్వం ఆ క్యాలిబర్‌ను పౌరులకు నిషేధించినది. అప్పుడు వేటగాళ్ళ కోసం సైన్యంలో వాడుకలో లేని ఇతర క్యాలిబర్లు వచ్చాయి. వాటిలో ఒకటి .315. ఆస్ట్రియా-హంగేరీ సైన్యం వాడిన 8×50 మిల్లీమీటర్ల మాన్లిఖర్ తూటా దీనికి ఆధారం. .315 అంగుళం అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు. అందుకే ఈ తూటాను '8 ఎం.ఎం.' అని కూడా వ్యవహరిస్తారు.

ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 1904లో మొదలైనది. సైన్యానికి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను తయారు చేసిన ఈ కర్మాగారం అదే నమూనాపై .315 వేట రైఫిల్‌ను కూడా తయారు చేసినది. 2021 అక్టోబరులో ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసిన తరువాత ఈ కర్మాగారం కాన్పూరు కేంద్రంగా గల అడ్వాన్స్డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ క్రిందికి వచ్చినది.

1980ల మధ్యకాలం నుండి పౌరులు విదేశీ తుపాకులను దిగుమతి చేసుకొనే అవకాశం దాదాపు మూసుకుపోయినది. దీనితో దేశంలో అప్పటికే ఉన్న పాత మౌజర్, వించెస్టర్ రైఫిళ్ళ ధరలు బాగా పెరిగాయి. స్వదేశంలో తయారయ్యే .315 సామాన్యుని రైఫిల్‌గా మిగిలినది. తూటా కూడా స్వదేశంలోనే లభించడం దీనికి మరొక అనుకూలత.

పనిచేసే విధానం

గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు గల తుపాకిని రైఫిల్ అంటారు. ఈ గాడుల వలన గుండు తన చుట్టూ తాను తిరుగుతూ నేరుగా సాగుతుంది. బోల్టు అనేది గొట్టం వెనుక భాగాన్ని మూసే గడియ వంటి ఉక్కు కడ్డీ. పిడిని పైకి ఎత్తి వెనుకకు లాగితే కాలిన తూటా గుల్ల బయట పడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్ నుండి కొత్త తూటా గొట్టంలోనికి చేరుతుంది. పిడిని క్రిందికి దించితే గడియ బిగుసుకొంటుంది. ప్రతి కాల్పుకు ఈ పనిని చేతితోనే చేయాలి. భాగాలు తక్కువగా ఉండటం వలన ఈ తరహా రైఫిళ్ళు మన్నికగా, గురి తప్పకుండా, తక్కువ ఖర్చుతో తయారవుతాయి.

మౌజర్ పద్ధతిలో గడియ బిగించే దిమ్మెలు బోల్టు ముందు భాగంలో ఉంటాయి. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన పద్ధతిలో అవి వెనుక భాగంలో ఉంటాయి. .315 రైఫిల్ లీ పద్ధతికి చెందినది. వెనుక దిమ్మెలు అత్యధిక పీడనం గల తూటాలకు అంత అనుకూలం కాకపోయినా, మధ్యస్థమైన పీడనం గల .315 తూటాకు సరిపోతాయి. ఈ తూటా గుండు బరువైనది, వేగం మాత్రం ఆధునిక తూటాలకంటే తక్కువ. అందువలన ఇది చెట్ల మధ్య దగ్గర దూరపు కాల్పుకు తగినది. బహిరంగ మైదానంలో చాలా దూరం నుండి కాల్చినపుడు గుండు త్వరగా క్రిందికి వాలుతుంది.

వేట రైఫిల్ ఎంపికలో చూసే అంశాలు

వేట చట్టసమ్మతమైన దేశాలలో జింక వేటకు రైఫిల్ కొనేవారు సాధారణంగా ఈ క్రింది విషయాలను గమనిస్తారు.

* జంతువును బాధ పెట్టకుండా ఒక్క దెబ్బతో చంపగల తూటా. .243, .270, .308, .30-06 క్యాలిబర్లు ఇందుకు ప్రసిద్ధమైనవి.
* ఆ తూటా స్థానికంగా సులభంగా, తక్కువ ధరకు దొరకడం. సాధన చేయడానికి తూటాలు కొనలేనివానికి చవక రైఫిల్ వలన ప్రయోజనం లేదు.
* కొండలెక్కి మోయగలిగిన బరువు, భుజానికి అమరే మడమ.
* దూరదర్శిని బిగించే సదుపాయం. రైఫిల్ ధరతో పాటు దీని ధరను కూడా లెక్కలోనికి తీసుకొనాలి.

అమెరికాలో 1958లో వచ్చిన శావేజ్ 110, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 తక్కువ ఖర్చుతో తయారు చేయడానికి వీలుగా రూపొందినవే. అక్కడ రాష్ట్రాలు జింకల వేటకు రుతువులను, సంఖ్యను నిర్ణయించి లైసెన్సులు ఇస్తాయి. ఉద్యోగ, విద్యార్థి వీసాలపై ఉన్న విదేశీయులు తుపాకి ఉంచుకొనడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధము. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉన్నది. అక్కడ నివసించే తెలుగువారికి కూడా ఈ నియమం వర్తిస్తుంది.

చిత్తూరు ప్రాంతంలో వేట

శేషాచలం కొండలు, తలకోన, భాకరాపేట, మామండూరు అడవులు, పలమనేరు-కుప్పం ప్రాంతంలోని కౌండిన్య అడవులు ఒకప్పుడు వేటకు పేరు పొందినవి. బ్రిటిష్ కాలంలో ఇవి మద్రాసు రాజధానిలో భాగం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం క్రింద రిజర్వు అడవులలో వేటను ప్రభుత్వం నియంత్రించేది. ఆనాడు ఈ అడవులలో పెద్దపులులు కూడా ఉండేవి. బెంగళూరుకు చెందిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) భాకరాపేట సమీపంలోని చామల లోయలోను, మామండూరులోను తిరిగిన నరభక్షక పులుల గురించి వ్రాసెను. ఆయన ఎక్కువగా వాడినది .405 వించెస్టర్ రైఫిల్. అది బోల్టు తరహాది కాదు, లీవరు తరహాది.

దుప్పి, కణితి వంటివి శాస్త్రరీత్యా జింక జాతులు. కృష్ణ జింక నిజానికి జింక జాతికి చెందినది కాదు, ఇర్రి జాతికి చెందినది. అయినా వాడుకలో అన్నిటినీ జింకలనే అంటారు. కృష్ణ జింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. శేషాచలంలో చిరుతపులులకు, రేసు కుక్కలకు దుప్పులు, కణుతులే ముఖ్యమైన ఆహారం.

శేషాచలంలో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం 1989లో, కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడినవి. 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించబడినది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడిలో ఒక బాలిక మరణించినపుడు అధికారులు బోనులు అమర్చి చిరుతలను సజీవంగా పట్టుకున్నారు. మామండూరు పులి కాలానికి, నేటికి మధ్య వచ్చిన మార్పు దీనివలన తెలుస్తుంది.

చట్టాలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినది. ఈ చట్టం కోసం పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు ఇందులో ఉండేది. 1991 సవరణతో ఆ ఏర్పాటు తొలగించబడినది. చట్టంలో 'వేట' అనే మాటకు విస్తృతమైన అర్థం ఉన్నది. చంపడమే కాక ఉచ్చు పన్నడం, గాయపరచడం, తరమడం, వీటికి ప్రయత్నించడం కూడా వేట క్రిందికే వస్తాయి.

మొదటి షెడ్యూలులోని కృష్ణ జింక వంటి జంతువును వేటాడితే కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాల జైలు శిక్ష ఉన్నది. అభయారణ్యంలో వేటాడినా ఇదే శిక్ష. వేటకు వాడిన ఆయుధం, వాహనం ప్రభుత్వపరం అవుతాయి. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివసించే తుపాకి లైసెన్సుదారులు తమ పేర్లను అటవీ అధికారుల వద్ద నమోదు చేసుకొనాలి.

తుపాకి లైసెన్సు వేరొక చట్టానికి సంబంధించినది. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం .303 వంటివి నిషిద్ధ క్యాలిబర్లు, .315 నిషిద్ధం కానిది. పంట రక్షణకు నోటి నుండి మందు కూరే తుపాకికి, అది చాలదనుకుంటే గాడులు లేని ఇతర తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు ఉన్నది. రైఫిల్ కావలసినవారు తగిన కారణం చూపాలి. 2019 సవరణ ప్రకారం ఒక వ్యక్తి గరిష్ఠంగా రెండు తుపాకులు మాత్రమే ఉంచుకొనవచ్చును. లైసెన్సు కాలపరిమితి 5 సంవత్సరాలు.

నాటు తుపాకులు, పంట రక్షణ

చిత్తూరు ప్రాంతపు పల్లెలలో దొంగవేటకు వాడేది సాధారణంగా రైఫిల్ కాదు, నాటు తుపాకి. గొట్టం నోటి నుండి మందు, సీసపు గుండ్లు కూరి, కడ్డీతో దట్టించి కాలుస్తారు. దీనికి గురి తక్కువ. మందు పాళ్ళు ఎక్కువైతే గొట్టం పేలి కాల్చినవానికే ప్రాణాపాయం. దెబ్బ తిన్న జంతువు వెంటనే చావక అడవిలో నరకయాతన అనుభవిస్తుంది. అనుమతి లేకుండా తుపాకి తయారు చేసినవారికి 7 సంవత్సరాల నుండి యావజ్జీవం వరకు జైలు శిక్ష పడవచ్చును.

వేరుశనగ, చెరకు, టమాటా పండించే రైతులకు అడవిపందులు, దుప్పులు, ఏనుగుల వలన కలిగే నష్టం నిజమైనదే. చేనికి విద్యుత్ తీగలు చుట్టడం, పందులకు నాటు బాంబులు పెట్టడం వలన ఇతర జంతువులు, పశువులు, మనుషులు కూడా బలి అవుతారు. కౌండిన్య పరిసరాలలో విద్యుత్ తీగలు తగిలి ఏనుగులు మరణించాయి. మొదటి షెడ్యూలులో లేని జంతువు పంటకు గాని, ప్రాణానికి గాని ప్రమాదకరంగా మారితే దానిని వేటాడేందుకు అటవీ శాఖ ఉన్నతాధికారి వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చును. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి, దాని మాంసం రైతుకు చెందదు. ఆత్మరక్షణ కోసం చంపడం నేరం కాదు. కానీ ఆ సమయంలో ఇతర నేరమేదీ చేస్తూ ఉండకూడదు.

ప్రస్తుత స్థితి

.315 రైఫిల్ నేడు ముఖ్యంగా ఆత్మరక్షణకు ఉపయోగపడుతున్నది. దీని తూటాను ఉత్తర భారతదేశంలో 'కట్టా' అనబడే నాటు పిస్తోళ్ళలో కూడా వాడటం వలన తూటాల అమ్మకంపై నిఘా ఉన్నది. ఇషాపూర్ నుండి తరువాత .30-06 స్పోర్టింగ్ రైఫిల్ కూడా వెలువడినది. పేరులో 'స్పోర్టింగ్' అనే మాట మిగిలి ఉన్నా, ఆ మాట సూచించే వేట దేశంలో 1991తో ముగిసినది.

ఇవి కూడా చూడండి

* శేషాచలం కొండలు
* కౌండిన్య అభయారణ్యం
* కృష్ణ జింక
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972