ఏ కష్టానికి ఏ గడప?

హక్కు ఉంటే సరిపోదు. దాన్ని ఎక్కడ అడగాలో కూడా తెలియాలి. తెలియకపోతే చెప్పులరుగుతాయి, చార్జీలవుతాయి, గడువులూ దాటిపోతాయి. కరెంటు బిల్లు నుంచి కన్నతల్లి తిండి దాకా... సామాన్యుడి ముందున్న దారులేంటి? ఏది ఎంత దూరం తీసుకెళ్తుంది?

సోమవారం పొద్దున్నే బొబ్బిలి ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్తే విజయనగరం బస్సు కోసం చూసేవాళ్లలో కొందరిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. చేతిలో పాలిథిన్ కవరు. అందులో ఆధార్ జిరాక్సులు, రేషన్‌కార్డు, పాత అర్జీల నకళ్లు. ‘ఏటి బావూ, మళ్లీ ఓపాలి రమ్మన్నారేటి?’ అంటూ ఒకరినొకరు పలకరించుకుంటారు. అక్కడి నుంచి కలెక్టరేట్‌కి యాభై కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి ఓ రోజు కూలి పోతుంది.

బొబ్బిలికి పౌరుషం కొత్త కాదు. 1757 జనవరి 24న కోట కోసం ప్రాణాలకు తెగించి పోరాడిన ఊరు. కానీ కరెంటు బిల్లు మీద, ఆగిన పింఛను మీద చేసే పోరాటానికి కత్తి అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. చిక్కల్లా ఒక్కటే... ఆ కాగితం ఎవరి చేతికివ్వాలి?

సరదాగా ఓ ఇంటిని ఊహించుకుందాం. ఇంటాయన గ్రోత్‌సెంటర్లోని ఓ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇల్లాలు బట్టలు కుడుతుంది. కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. పెద్దదిక్కుగా మామ్మ ఉంది. ఆ ఇంటికి ఒకే ఏడాదిలో ఐదు తగాదాలొచ్చాయనుకుందాం. ఐదింటికీ ఐదు గడపలున్నాయి!

చల్లబడని ఫ్రిజ్

విశాఖలో 28 వేలు పోసి కొన్న ఫ్రిజ్ మూడో నెలకే మొరాయించింది. వారంటీ ఉంది. షాపువాళ్లు కంపెనీని అడగమంటారు, కంపెనీవాళ్లు ‘మెకానిక్ వస్తాడు’ అంటారు. ఆ మెకానిక్ ఎప్పటికీ రాడు.

మొదటి మెట్టు 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఫిర్యాదును కంపెనీకి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. ఖర్చుండదు. అయితే కంపెనీ మొండికేస్తే ఆదేశాలిచ్చే అధికారం హెల్ప్‌లైన్‌కి లేదు.

అప్పుడు వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. ఒకప్పుడు దీన్ని ఫోరం అనేవారు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం దీనికి పేరొక్కటే మార్చలేదు. పాత చట్టం కింద మామూలుగా అమ్మినవాళ్లున్న చోటుకో, వ్యవహారం జరిగిన చోటుకో వెళ్లి కేసు వేయాలి. ఇప్పుడలా కాదు. కొన్నవాళ్లు ఎక్కడుంటే అక్కడే వేయొచ్చు. ఫ్రిజ్ విశాఖలో కొన్నా, బొబ్బిలి వాసి విజయనగరంలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చన్నమాట. 

చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజే లేదు. 50 లక్షల వరకూ జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తాయి. లాయరు తప్పనిసరి కాదు. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి వెళ్లొచ్చు. ఫిర్యాదు మాత్రం సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. ‘వస్తాడు, వస్తాడు’ అని మెకానిక్ కోసం ఎదురుచూసే రోజులూ ఆ రెండేళ్లలోనే కలిసిపోతాయి. అందుకే ఫోన్లో అడగడం చాలదు. రాతపూర్వకంగా అడిగి, రసీదు దాచుకోవాలి.

కొండెక్కిన కరెంటు బిల్లు

రెండు ఫ్యాన్లు, ఓ కుట్టుమిషను. ఎప్పుడూ ఐదారు వందలు దాటని బిల్లు ఒక్కసారిగా ఏడు వేలొచ్చింది. ఇక్కడ దారులు రెండు.

ఒకటి, విద్యుత్ సంస్థ లోపలి దారి. ముందు 1912కి ఫోన్. లేదంటే సెక్షన్ ఆఫీసులో రాసిచ్చి మీటరు పరీక్ష చేయించమని అడగాలి. అక్కడ తేలకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా ఇలాంటి వేదిక పెట్టి తీరాలి. ఉత్తరాంధ్రకి కరెంటిచ్చే ఏపీఈపీడీసీఎల్ వేదిక విశాఖలో ఉంది. దాని నిర్ణయమూ నచ్చకపోతే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

రెండోది, చాలామందికి తెలియని దారి... శాశ్వత లోక్ అదాలత్. కరెంటు, నీళ్లు, రవాణా, తపాలా, ఫోను, ఆస్పత్రి, బీమా లాంటి ప్రజావసర సేవల తగాదాల కోసం 2002లో చట్టాన్ని సవరించి మరీ దీన్ని తెచ్చారు. కోటి రూపాయల విలువ వరకూ వింటుంది. ఫీజు లేదు. ముందు రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే కేసు కొట్టేసి ఇంటికి పంపదు, తానే తీర్పు చెబుతుంది. మామూలు లోక్ అదాలత్‌కి లేని బలం ఇదే.

మరి రెండింట్లో ఏది మేలు? బిల్లు లెక్కలో, మీటరులో తేడా అయితే మొదటి దారే దగ్గర. పై మెట్టు కూడా మిగిలి ఉంటుంది. నష్టపరిహారం దాకా వెళ్లే పెద్ద తగాదా అయితే రెండోది ఆలోచించొచ్చు. కానీ రెండు సంగతులు మరిచిపోకూడదు. కోర్టులో కేసు వేశాక అదే తగాదాతో ఇక్కడికి రాకూడదు, ఇక్కడికొచ్చాక కోర్టుకి పోకూడదు. ఇక్కడిచ్చిన తీర్పుపై అప్పీలూ లేదు. దరఖాస్తు సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడిగితే చెబుతుంది.

ఆగిపోయిన పింఛను

మామ్మకి నెలనెలా ఒకటో తారీకున చేతికొచ్చే వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000 రూపాయలైంది. ఓ నెల ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరినడిగినా ‘పైనుంచి రాలేదు’ అన్న మాటే. వెంటనే విజయనగరం బస్సెక్కేయాలా?

అక్కర్లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాల వ్యవస్థలో ప్రతి వార్డుకీ, ఊరికీ పింఛన్లు చూసే సిబ్బంది ఉన్నారు. మొదటి అర్జీ అక్కడ. తర్వాత పట్టణంలో అయితే మున్సిపల్ కమిషనర్‌కి, పల్లెల్లో అయితే ఎంపీడీవోకి. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ వాట్సప్ సేవ 95523 00009లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఇవేవీ పనిచేయకపోతే సోమవారం అర్జీ. ఈ కార్యక్రమానికి పేర్లు మారుతూ వచ్చాయి. గ్రీవెన్స్ డే అన్నారు, 2019లో స్పందన అన్నారు, 2024 తర్వాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేరు మారినా సోమవారం మారలేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. అర్జీ ఇచ్చినప్పుడు నంబరున్న రసీదు తీసుకోకపోతే ఇచ్చినట్టు రుజువే ఉండదు.

అర్జీ ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చి పింఛను మాత్రం రాకపోతే? అప్పుడు పనికొచ్చేది సమాచార హక్కు. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం పని చేసిపెట్టదు. పని ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. ‘నా పింఛను ఎందుకాపారు’ అని వాదించినట్టు కాకుండా ‘నా పింఛను ఆపుతూ ఇచ్చిన ఉత్తర్వు నకలు, దానికి ఆధారమైన నివేదిక నకలు ఇవ్వండి’ అని అడగాలి. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో రుసుం లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, మిగతాచోట్ల 10. పేదలకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి అప్పీలు చేయొచ్చు. ఆ తర్వాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి. సరైన కారణం లేకుండా తాత్సారం చేసిన అధికారికి రోజుకి 250 చొప్పున 25 వేల దాకా జరిమానా పడొచ్చు.

అర్జీ పని అడుగుతుంది. సమాచార హక్కు కాగితం అడుగుతుంది. కారణం కాగితం మీదకొస్తే తర్వాతి అర్జీకి బలమొస్తుంది.

గోడ తగాదా

పక్కింటివాళ్లు గోడ కడుతూ రెండడుగులు ఇటు జరిగారు. మాటా మాటా పెరిగింది. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందన్న భయం. లాయరు ఫీజెక్కడిదన్న బెంగ.

ఈ రెంటికీ మందు న్యాయసేవాధికార చట్టంలో ఉంది. 1987లో చేసిన ఈ చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు, పిల్లలు, ఫ్యాక్టరీ కార్మికులు... వీళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. మహిళలకీ అంతే! సంపాదన ఎంతున్నా సరే. మిగతావాళ్లకి రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల ఆదాయ పరిమితి ఉంది. మన కథలో ఇంటాయన కార్మికుడు, ఇల్లాలు మహిళ. ఇద్దరూ అర్హులే. దరఖాస్తుకి విజయనగరం దాకా వెళ్లక్కర్లేదు. బొబ్బిలి కోర్టులో మండల న్యాయసేవల కమిటీ ఉంది. సలహా కోసం 15100కి ఫోన్ చేసినా చాలు.

కేసు వేయకముందే తగాదాని లోక్ అదాలత్‌కి తీసుకెళ్లొచ్చు. ఇప్పటికే కోర్టులో నలుగుతున్న కేసునీ తేవచ్చు. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ అవార్డుకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కానీ దానిపై అప్పీలుండదు. అందుకే ‘పోనీలే’ అనుకుంటూ సంతకం పెట్టకూడదు. కాగితం చదివించుకుని, కొలతలు సరిచూసుకుని, మనసు ఒప్పుకుంటేనే పెట్టాలి. అవతలివాళ్లు రాజీకి రాకపోతే లోక్ అదాలత్ చేయగలిగింది లేదు. అప్పుడు కోర్టే దిక్కు. ఉచిత లాయరు అక్కడా తోడుంటాడు.

పెద్ద మామ్మ ఇల్లు

అన్నిట్లోకీ బరువైన కష్టం ఇది. మామ్మ వాళ్ల అక్క భర్త పోయాక ఉన్న ఒక్క ఇంటినీ కొడుకు పేర రాసిచ్చింది. ‘నేను చూసుకోనేటమ్మా’ అన్నాడు. ఏడాది తిరక్కుండా ఆమె మంచం వరండాలోకి వచ్చింది. తర్వాత కంచం కూడా వేరైంది. పరువు పోతుందని ఆమె ఎవరితోనూ చెప్పలేదు.

ఇలాంటి తల్లుల కోసమే 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పోలీసు స్టేషనూ కాదు, సివిల్ కోర్టూ కాదు... దీనికి గడప ఆర్డీవో ఆఫీసు. అక్కడి ట్రైబ్యునల్ విచారిస్తుంది. తెల్లకాగితం మీద రాసిస్తే చాలు. లాయరు అక్కర్లేదు. ఆమె రాలేకపోతే ఆమె తరఫున మరొకరు ఇవ్వొచ్చు. మామూలుగా 90 రోజుల్లో తేల్చాలి. నెలకు 10 వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించొచ్చు. ఆదేశం కొడుకు ఖాతరు చేయకపోతే జైలు కూడా ఉంది. ఉత్తర్వు నచ్చకపోతే ఆ తల్లి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

బొబ్బిలివాళ్లకి ఇందులో మరో సౌలభ్యం. ఒకప్పుడు ఆర్డీవో అంటే పార్వతీపురం వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతోపాటే బొబ్బిలి రెవెన్యూ డివిజన్ అయింది. వయసు మళ్లినవాళ్లకి ఆ గడప ఇప్పుడు ఊళ్లోనే ఉంది.

మరి రాసిచ్చిన ఇల్లు? ఈ చట్టంలోని 23వ సెక్షన్ ఇక్కడ పట్టు. ‘చూసుకోవాలి’ అన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, అవతలివాళ్లు చూసుకోకపోతే ఆ దస్తావేజు చెల్లదని ట్రైబ్యునల్ ప్రకటించొచ్చు. షరతే లేకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కి చెందిన ఓ తల్లి కేసులో, కొడుకు చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆస్తిని తిరిగి ఆమెకే ఇప్పించింది. ఈ రెండు తీర్పుల సారం ప్రతి ఇంట్లోనూ గుర్తుండాలి. ప్రేమతో రాసిచ్చినా సరే, ‘జీవితాంతం తిండి, బట్ట, వైద్యం చూడాలి’ అన్న ఒక్క వాక్యం దస్తావేజులో ఉండాలి. ఆ వాక్యం కొడుకు మీద అనుమానం కాదు. తల్లికి భరోసా. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు లేకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

గడప తొక్కేముందు...

* మీ సమస్య ఎవరితో? షాపుతోనా, సర్కారుతోనా, పక్కింటితోనా, సొంతింటితోనా? జవాబులోనే సగం దారి తెలుస్తుంది.

* రాజీ కావాలా, తీర్పు కావాలా? రాజీ త్వరగా తేలుతుంది కానీ వెనక్కి తిరిగే వీల్లేదు. తీర్పు ఆలస్యం కావచ్చు కానీ పైన మరో మెట్టుంటుంది.

* గడువు ఎంత? వినియోగదారుల ఫిర్యాదుకి రెండేళ్లు. సమాచార హక్కు మొదటి అప్పీలుకి 30 రోజులు. తప్పు గడప దగ్గర నిలబడినంతసేపూ గడియారం ఆగదు.

* రసీదు ఏది? బిల్లు, అర్జీ నంబరు, పోస్టాఫీసు రసీదు, మెసేజ్... అన్నీ ఒకే కవర్లో, తారీకుల వరసలో పెట్టుకోండి.

సోమవారం బస్సెక్కడం తప్పని పని ఎప్పుడైనా రావచ్చు. కానీ ఆ కవరు పట్టుకున్న ప్రతి ఒక్కరూ విజయనగరం దాకా వెళ్లక్కర్లేదు. కొందరి గడప వాళ్ల వీధి చివర సచివాలయంలోనే ఉంది. కొందరిది ఊళ్లోని కోర్టులో. వరండాలో మంచం వేసుకున్న ఆ పెద్ద మామ్మది ఆర్డీవో ఆఫీసులో. ఆమె అంతదూరం నడవలేదు. ఆమె చెప్పింది తెల్లకాగితం మీద రాసి అక్కడివ్వడానికి ఇంట్లో చదువుకున్న పిల్లాడు ఒక్కడుంటే చాలు.