ఉప్పు కాలదు సరే, ప్లగ్గు?

హిమాలయన్ సాల్ట్ ల్యాంపును రాత్రంతా వెలగనివ్వాలట, ఆర్పితే గుణం పోతుందట! ఎవరు పుట్టించారో గానీ ఈ మాట నమ్మి నెల్లూరు జిల్లాలో మైపాడు, కోడూరు వైపు సముద్రగాలి తగిలే ఇళ్లలో కూడా మంచం పక్కన స్విచ్ వేసి నిద్రపోతున్నారు. ప్రమాదం కదా అంటే జవాబు సిద్ధం: "ఉప్పు కాలదు కదండీ!"

కాలదు. 2017 జనవరిలో అమెరికాలో మైకేల్స్ దుకాణాలు సుమారు 80,000 ఉప్పు దీపాలను వెనక్కి తీసుకున్నది ఉప్పురాయిని చూసి కాదు. వైరు మీది డిమ్మర్, గోడకు పెట్టే ప్లగ్గు వేడెక్కి అంటుకోవచ్చని తేలి. అది అమెరికా సంగతిలే అంటారా? గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దాన్ని పీల్చి నీరు కారుతుంది. మన తీరంలో రాత్రిళ్లు ఆ తేమకు కొదవా? ఇసకపల్లి ఉప్పు పండే జిల్లాలో ఇది విడమరచి చెప్పాల్సి రావడమే విడ్డూరం!

ప్లగ్గు తీసి దీపాన్ని పైకెత్తి చూడండి. చెక్కపీట తడి, హోల్డర్ పట్టుకునే క్లిప్పులకు తుప్పు, ఇత్తడి మీద పచ్చటి చిలుము. చిలుము పట్టిన చోట కాంటాక్టు సరిగా ఉండదు, వేడి పుట్టేది అక్కడే. ఎంసీబీ పడిపోతుందిలే అనుకోకండి, ఆ వేడికి అదనపు కరెంటు అక్కర్లేదు.

వెలిగినంతసేపు రాయి పొడిగా ఉంటుందన్నది మాత్రం నిజమే, ఒప్పుకోక తప్పదు. బల్బు వేడికి చెమ్మ ఆరుతుంది. అలాగని రాత్రంతా కాపలా లేకుండా వెలిగించాలా? ఆర్పండి, ప్లగ్గు పీకండి, చల్లారాక పొడిగుడ్డతో తుడిచి ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టండి. ఎల్ఈడీ బల్బు వేస్తే భయం లేదనేవాళ్లూ ఉన్నారు. దాని వేడి చాలక రాయి ఇంకా చెమరుస్తుంది, పాడైన డిమ్మర్ పాడైనట్టే ఉంటుంది.

గాలి శుభ్రం, ఆస్తమా మాయం అన్న కబుర్లకు ఆధారం లేదు, కిటికీ తెరవండి. గులాబీ రంగు మహిమా కాదు, రాయిలోని ఇనుము. దిష్టి సంగతి మీ ఇష్టం.

డిమ్మర్ చేతికి చురుక్కుమన్నా, ప్లగ్గు దగ్గర కాలిన వాసన వచ్చినా ఇక వాడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం మన దగ్గరా ఉంది. ఫిర్యాదుకు 1915. కాకపోతే ఎగ్జిబిషన్‌లో బేరమాడి, బిల్లు అడగకుండా తెచ్చుకున్న దీపాన్ని ఎవరొచ్చి వెనక్కి తీసుకుంటారు?