వణికించేది చలి.. పడగొట్టేది వేగం!

తెల్లవారుజామున ఘాట్ రోడ్లపై మోటారు సైకిల్ ప్రయాణం కత్తిమీద సామే
ముందు మొద్దుబారేది చేతులే.. చిన్నపాటి జాగ్రత్తలతో ప్రాణరక్షణ

విజయనగరం: ధనుర్మాసం మొదలుకొని సంక్రాంతి దాటే వరకు తెల్లవారుజాము ప్రయాణాలు ద్విచక్ర వాహనదారులకు పరీక్షగా మారుతాయి. రామభద్రపురం మార్కెట్‌కు కూరగాయల బస్తాలు వేసుకుని వచ్చే రైతులు, పాల క్యాన్లు కట్టుకుని పల్లెల నుంచి పట్టణానికి బయలుదేరేవారు, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మొదటి షిఫ్టుకు వెళ్లే కార్మికులు, ముక్కోటి ఏకాదశి నాడు రామతీర్థం చేరాలనుకునే భక్తులు.. అందరిదీ అదే వేళ. ఇక శని, ఆదివారాల్లో అరకు అందాలు చూసేందుకు శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కే యువకుల మోటారు సైకిళ్లకు లెక్కే ఉండదు. స్వెట్టరు, మంకీ క్యాపు ఉంటే చాలునన్న ధీమా వీరిలో చాలామందిది. కానీ బండి మీద వెళ్లేవారు థర్మామీటరు చూపే చలికి తోడు, తమ వేగంతో తామే పుట్టించుకునే గాలిని కూడా భరించాలి. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

కొండ ఎక్కే కొద్దీ..

మైదాన ప్రాంతం నుంచి చలి సీమలోకి ప్రవేశించే ప్రధాన మార్గాలు రెండు. శృంగవరపుకోట, బొడ్డవర, కాశీపట్నం, టైడా, అనంతగిరి మీదుగా అరకు చేరేది ఒకటి. సాలూరు దాటి పాచిపెంట మండలం పి.కోనవలస వద్ద ఘాట్ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా ఒడిశాలోని కోరాపుట్‌కు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి రెండోది. పాతతరం వారికి ఇది 43వ నంబరు రహదారిగానే పరిచయం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి, అరకు, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరాయి. హద్దులు మారినా రాకపోకలు మారలేదు.

సముద్రమట్టం నుంచి పైకి వెళ్లే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే కింద 17 డిగ్రీలున్న వేళ ఎత్తు కారణంగానే అక్కడ మరో ఆరు డిగ్రీలు తగ్గుతాయి. దీనికి తోడు మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. ఆ నేలను తాకిన గాలి బరువెక్కి వాలు వెంట జారి లోయల్లో గూడుకట్టుకుంటుంది. కొండ అంచున ఉన్న ఊరికంటే లోయలోని ఊరు ఎక్కువగా వణకడానికి ఇదే కారణం. చింతపల్లి మండలం లంబసింగి పేరు ఏటా శీతాకాలంలో మార్మోగేది కూడా ఈ పరిస్థితుల వల్లనే. ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరూ ఉంది. ఆరుబయట ఉన్న మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని దానికి స్థానికులు చెప్పే అర్థం.

గాలి లెక్క ఇదీ..

శరీరం తన చుట్టూ పలుచని వెచ్చని గాలి పొరను నిలుపుకొంటుంది. నిలబడి ఉన్నంతసేపు ఆ పొర కాపు కాస్తుంది. వీచే గాలి దానిని ఎప్పటికప్పుడు తుడిచిపెట్టేస్తుంటే, మళ్లీ వేడి పుట్టించేందుకు శరీరం నిరంతరం శ్రమించాలి. అంటార్కిటికాలో పనిచేసిన పరిశోధకులు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ 1940 దశకంలో దీనికి తొలిసారి ఒక లెక్క కట్టారు. దానిని సవరించి 2001లో అమెరికా, కెనడా కొత్త సూత్రాన్ని అమల్లోకి తెచ్చాయి.

ఆ సూత్రం ప్రకారం గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే ముఖ చర్మానికి అది ఆరు డిగ్రీల చలిలా ఉంటుంది. 5 డిగ్రీలున్నప్పుడు అదే గాలి సున్నాకు ఒక డిగ్రీ దిగువన ఉన్నట్లు, సున్నా వద్ద మైనస్ 7 డిగ్రీలున్నట్లు అనిపిస్తుంది. ఆకు కదలని ఉదయాన కూడా 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనదారుడు 40 కిలోమీటర్ల ఈదురుగాలికి ఎదురు నిలిచినట్లే. వేగం తగ్గిస్తే చలీ తగ్గుతుంది. ఖర్చులేని మొదటి రక్షణ ఇదే.

ముందు మొద్దుబారేది చేతులే

చలి పెరిగినప్పుడు గుండె, మెదడు, ఊపిరితిత్తులను వెచ్చగా ఉంచేందుకు శరీరం కాళ్లు, చేతులకు రక్తప్రసరణను తగ్గిస్తుంది. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేళ్లు ముందు నొప్పి పెడతాయి, ఆ తర్వాత మొద్దుబారతాయి. నొప్పి తగ్గింది కదా అని సంతోషిస్తే పొరపాటే. బ్రేకు, క్లచ్, యాక్సిలరేటరు అన్నీ ఆ వేళ్ల అధీనంలోనే ఉన్నాయి.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు సాగిపోతుంది. వేళ్లు బిగుసుకుని బ్రేకు అందుకోవడంలో అర సెకను ఆలస్యమైతే ఐదున్నర మీటర్లు, సెకను ఆలస్యమైతే ఒక లారీ పొడవంత దూరం అదనంగా దూసుకుపోతుంది. ఘాట్ మలుపులో ఎదురుగా ఖనిజాల లారీ వచ్చినప్పుడు ఆ దూరమే చావు బతుకుల మధ్య గీత.

మొద్దుబారిన చేతులను వేడి ఇంజను మీద, సైలెన్సరు మీద పెట్టి కాచుకోవడం చాలామందికి అలవాటు. స్పర్శ తెలియని చర్మం కాలుతున్నా తెలియదు, బొబ్బలెక్కాకే సంగతి బయటపడుతుంది. బండి ఆపి చేతులను చంకల్లో పెట్టుకోవడం, భుజాల నుంచి చేతులు గుండ్రంగా తిప్పడం సురక్షితం.

స్వెట్టరు మీద రెయిన్‌కోటు

ఉన్ని స్వెట్టరు వెచ్చదనాన్ని నిలుపుతుంది గానీ ఎదురుగాలిని ఆపలేదు. దాని కన్నాల గుండా గాలి నేరుగా ఒంటికి తగులుతుంది. అందుకే స్వెట్టరు పైన గాలి చొరబడని పొర ఒకటి తప్పనిసరి. ఖరీదైన జాకెట్టే అక్కరలేదు. వానాకాలంలో వాడి దాచిన రెయిన్‌కోటు ఆ పని చేస్తుంది. అదీ లేనప్పుడు చొక్కాకు, స్వెట్టరుకు మధ్య ఛాతీ మీద నాలుగు మడతల పాత దినపత్రిక పెట్టుకున్నా గాలి ఆగుతుంది. పూర్వం సైకిళ్లపై, లారీలపై రాత్రి ప్రయాణాలు చేసినవారు అనుసరించిన ఉపాయమిది.

ఒంటిని అంటుకునే దుస్తులు పొడిగా ఉండాలి. చెమటతోనో మంచుతోనో తడిసిన బట్ట పొడి బట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. చేతికి ఉన్ని తొడుగు వేసుకుని దానిపై పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగితే గాలి, తడి రెండూ ఆగుతాయి. తొడుగు మరీ బిగుతుగా ఉంటే రక్తప్రసరణకు అడ్డు, మరీ వదులైతే బ్రేకుకు అడ్డు. బయలుదేరే ముందే లీవర్లు పట్టి చూసుకోవాలి.

మంకీ క్యాపు హెల్మెట్‌కు ప్రత్యామ్నాయం కాదు. మందపాటి టోపీ వెనుక నుంచి వచ్చే హారన్‌ను వినపడనీయదు, పడితే తలను కాపాడదు. పలుచని గుడ్డ టోపీ పెట్టుకుని దానిపై హెల్మెట్ ధరించాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హెల్మెట్ లేకుంటే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు కోల్పోయే నిబంధన ఉంది. హెల్మెట్ అద్దంపై ఊపిరి ఆవిరి పేరుకుంటే అద్దాన్ని కొద్దిగా పైకెత్తి గాలి ఆడనివ్వాలి.

పిల్లలను ట్యాంకు మీద కూర్చోబెట్టొద్దు

పండగకు అమ్మమ్మగారి ఊరు వెళ్లే కుటుంబాల్లో పసివాడిని పెట్రోలు ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టడం పరిపాటి. తండ్రికి అడ్డుగా గాలినంతటినీ ఆ బిడ్డే కాస్తాడు. శరీర బరువుతో పోల్చితే పిల్లల చర్మ విస్తీర్ణం ఎక్కువ కాబట్టి పెద్దల కంటే త్వరగా చల్లబడతారు. పిల్లలను ఇద్దరు పెద్దల మధ్యకు మార్చడం మేలు. నాలుగేళ్లలోపు పిల్లలతో వెళ్లే ద్విచక్ర వాహనం 40 కిలోమీటర్ల వేగం మించరాదని, బిడ్డకు రక్షణ పట్టీ ఉండాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. చలికాలంలో వీలైతే వారిని బస్సులోనే తీసుకువెళ్లడం శ్రేయస్కరం.

బండికీ చలే

చల్లని ఉదయం ఇంజను ఆయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ శక్తి తగ్గుతుంది. సెల్ఫ్ స్టార్టు బటన్‌ను పదేపదే నొక్కి బ్యాటరీని ఖాళీ చేయకుండా కిక్కు ఉన్న బండిని కిక్కుతోనే తీయాలి. కార్బురేటరు ఉన్న పాత బండ్లకు చోక్ వాడి, ఇంజను వేడెక్కగానే దానిని మూసేయాలి. టైరులో గాలి పీడనం ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు సుమారు ఒకటిన్నర పాయింట్లు పడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి తెల్లవారేసరికి తక్కువగా ఉండటం అందుకే.

దిగుడు దారిలో గేరును న్యూట్రల్ చేసి పెట్రోలు ఆదా చేద్దామనుకోవడం ప్రాణాంతకం. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోవు.

కనపడని కళ్లాలు

మైదానంలోనూ పొగమంచు తక్కువేమీ కాదు. పైగా ఈ కాలంలోనే నూర్పిళ్ల కోసం, ఆరబెట్టడం కోసం చోళ్లు, ఉలవలు, గడ్డి రోడ్ల మీదకు వస్తాయి. మంచుకు తడిసిన గడ్డిపై బ్రేకు వేస్తే చక్రం నిలవదు. కుప్పలకు అడ్డంగా పెట్టిన రాళ్లు పొగమంచులో చివరి క్షణం వరకు కనపడవు. దీపాలు లేకుండా అంచున నిలిపిన లారీ సంగతీ అంతే. హెడ్‌లైటును డిప్‌లోనే ఉంచాలి. పై కాంతి మంచు బిందువులపై పడి కంటికే తిరిగి కొడుతుంది. కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగమే ఆ వేళకు సరైన వేగం. పాల క్యానుకు, కూరగాయల గోనెకు వెనుక ఒక మెరిసే స్టిక్కరు అంటిస్తే వెనుక వచ్చే డ్రైవరు ముందుగా గుర్తిస్తాడు.

మాట తడబడితే ఆగాల్సిందే

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే దానిని హైపోథెర్మియా అంటారు. ఆగని వణుకు, మాట తడబాటు, చేతిలోని వస్తువు జారిపోవడం, మగత దాని గుర్తులు. అంతవరకు వణికిన మనిషి ఉన్నట్టుండి వణకడం మానేసి మత్తుగా ఉంటే పరిస్థితి విషమించినట్లే. బండి నడిపేవాడికి తన తేడా తనకు తెలియదు కాబట్టి వెనుక కూర్చున్నవారు మాట్లాడిస్తూ ఉండాలి. అనుమానం కలిగితే గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు మార్చి, దుప్పటి కప్పి, స్పృహలో ఉంటే వేడి టీ తాగించి 108కి ఫోన్ చేయాలి.

చలికి మందు అంటూ సారాయో బ్రాందీయో పుచ్చుకోవడం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటకు పోతుంది. బీడీ, సిగరెట్టు ఇందుకు విరుద్ధంగా వేళ్లకు వెళ్లే రక్తనాళాలను మరింత బిగిస్తాయి.

జర్మనీలో 1956లో మొదలైన ఏనుగుల సమ్మేళనం అనే మోటారు సైకిళ్ల జాతరకు ఔత్సాహికులు మంచు కురిసే దారుల్లోనే వెళ్తారు. వేడెక్కే హ్యాండిళ్లు, ప్రత్యేక దుస్తులు అక్కడ మామూలే. ఇక్కడి పాలవాడికి, కూరగాయల రైతుకు ఆ వసతి లేదు. విహారానికి వెళ్లేవారు ఎండెక్కే వరకు ఆగవచ్చు, వీరు ఆగలేరు. అందువల్ల పర్యాటకులు సూర్యోదయం తర్వాతే ఘాట్ ఎక్కడం, పొట్టకూటికి వెళ్లేవారు రెయిన్‌కోటు, చేతి తొడుగులు, తగ్గించిన వేగం అన్న మూడింటినీ విడవకపోవడం ఉత్తమం. అరగంటకోసారి ఆగి చేతులు కదిలించుకుంటే పోయేది ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల ఆలస్యాన్ని మార్కెట్ క్షమిస్తుంది, మలుపు క్షమించదు.