పెరటిలో వంటచోటు

వంటిల్లనగానే నాలుగు గోడలు, ఒక కప్పు, గోడవారగా ఒక పొయ్యి మన కన్నులకు కట్టును. కాని తెలుగువారి వంట యెన్నడును నాలుగు గోడలకు లోబడి యుండలేదు. స్నానములకు నీళ్లకాగు ఎక్కించునది పెరటిలో. సంక్రాంతికి పాకము పట్టి అరిసెలు వండునది, తెలంగాణమున సకినాలు కాల్చునది పెరటిలో. ఒడియములకు పిండి ఉడికించుట, పసుపుకొమ్ములు ఉడుకబెట్టుట, పెండ్లికి గాడిపొయ్యి త్రవ్వి గుండిగలు ఎక్కించుట, ఇవి యన్నియు ఆరుబయట పనులే. పెద్ద మంట, పెద్ద పాత్ర, పదిమంది చేతులు కావలసిన పని లోపలి వంటింట ఇముడదని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి.

ఇటీవల ఇంటివెనుక కొంత తోట గలవారు పలువురు ఆ పాత అలవాటును క్రొత్త రూపమున తెచ్చుకొనుచున్నారు. వేసవిలో ఇల్లు వేడెక్కకుండుటకును, వేపుళ్ల ఘాటు గదులలో వ్యాపించకుండుటకును, చుట్టములు వచ్చినపుడు నలుగురును కలిసి వండుకొనుటకును పెరటిలో వంటచోటు అనుకూలమైనదే. అయితే ఎంతో సొమ్ము వెచ్చించి నున్నని రాతిబల్ల పరపించి, ఏడాది తిరుగకముందే దానిని విరిగిన కుర్చీలకును ఖాళీ పూలకుండీలకును వదలిన ఇండ్లను కూడ మేము చూచియున్నాము. వారు రాతి రంగును ముందు ఎంచుకొనిరి. గాలి ఎటు వీచునో, నీరు ఎటు పారునో తరువాత చూచుకొనిరి. పెరటి వంటచోటును నిర్మించుట యనగా పొయ్యి కట్టుట మాత్రమే కాదు. పొగకు, ఎండకు, నీటికి, నిప్పుకు, వండువారి నడకకు వేర్వేరుగా దారులు ఏర్పరచుట. ఈ ప్రసంగమున ఆ దారులను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది పొగ. కట్టెల పొగ కన్నులను మండించుటతో ఊరకుండదు. అందలి సూక్ష్మమైన మసికణములు ఊపిరితిత్తుల లోతులకు చేరును. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము 2020వ సంవత్సరమున ఇండ్లలో కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు వంటి వంటచెరకుల పొగ 32 లక్షల మరణములకు కారణమైనది. ఆరుబయట వండినచో ఈ బాధ తీరెనని కొందరు తలంతురు. గోడలు లేనిచోట పొగ త్వరగా పలుచబడుట నిజమే. కాని వండువారు పొయ్యికి రెండడుగుల దూరముననే కదా నిలుచుందురు! గాలి వారి ముఖము వైపు మళ్లినచో గోడలు లేకపోవుటవలన వారికి ఒరిగినది స్వల్పము.

కావున ఇటుక పేర్చుటకు ముందు గాలిని తెలిసికొనవలెను. మన ప్రాంతమున జూన్ మొదలు సెప్టెంబరు వరకు గాలులు ముఖ్యముగా నైరుతి, పడమరల నుండి వచ్చును. అక్టోబరు పిమ్మట ఈశాన్యమునకు తిరుగును. సముద్రతీరపు ఊళ్లలో వేసవి మధ్యాహ్నము కడలిగాలి తోడగును. ఇవి దేశమునకంతకును వర్తించు మాటలు. మీ పెరటి మాట వేరు. ప్రక్క మేడయో, ప్రహరీగోడయో గాలిని త్రిప్పివేయవచ్చును. ఒక కర్రకు సన్నని గుడ్డపేలిక కట్టి మీరు పొయ్యి పెట్టదలచిన చోట పాతి, ప్రొద్దుటను సాయంకాలమును పదిదినములు గమనింపుడు. వంటకు ఆగ్నేయమూల శ్రేష్ఠమని మన వాస్తు సంప్రదాయము. ఆ మూలయే ఎంచుకొన్నను, గాలి వండువారికి ప్రక్కనుండి వచ్చి పొగను ఇంటికి దూరముగా కొనిపోవునట్లు పొయ్యిముఖమును త్రిప్పుకొనవలెను. గాలి వెన్నువైపు నుండి వచ్చుట మేలని తోచును గాని, అట్లు వచ్చినపుడు మన శరీరమే గాలికి అడ్డమై, దాని ముందు సుడి ఏర్పడి పొగ తిరిగి ముఖముమీదికే వచ్చును. పొరుగువారి కిటికీ ఎటున్నదో చూచుకొనుటయు ఈ లెక్కలోనిదే.

కట్టెల పొయ్యియే కావలెనన్నచో పొగగొట్టము తప్పదు. వేడిగాలి తేలికై పైకి పోవును. గొట్టము ఎత్తయిన కొలది లాగుడు హెచ్చును. దాని మూతి పందిరి కప్పును దాటి రెండడుగులైన పైకి ఉండవలెను. ఈ విషయమున మన హైదరాబాదునకు ఒక గౌరవము కలదు. అచటి ఇంజనీరింగు పరిశోధనాలయమున పనిచేసిన ఎస్. పి. రాజుగారు ఒకే మంటపై అనేక పాత్రలు కాగునట్లును, పొగ గొట్టముగుండా బయటికి పోవునట్లును ఒక పొయ్యిని రూపొందించిరి. దానిని గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1953లో వెలువడినది. పిమ్మట కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును 1983లో ప్రారంభించి 2002 వరకు నడిపినది. ఆ కార్యక్రమము క్రింద కట్టిన పొయ్యిలలో అనేకము కొద్దికాలమునకే మూలబడినవి. కొన్నిచోట్ల ఇంటి పాత్రలు పొయ్యి కన్నములకు సరిపడలేదు. కొన్నిచోట్ల గొట్టమునకు పట్టిన మసిని తీయువారు లేకపోయిరి. ఎంత మంచి పొయ్యియైనను ఇంటి గిన్నెలకు, ఇంటివారి తీరికకు తగినదై యుండవలెనని దీనివలన తేలుచున్నది. కావున మీ పెద్దగిన్నెను తాపీమేస్త్రి చేతికిచ్చి పొయ్యి కొలత తీయింపుడు. గొట్టపు మలుపువద్ద మసి తీయుటకు ఒక మూత పెట్టింపుడు. కట్టెలను నేలకు తగులకుండ, వాన తడుపకుండ పేర్చుకొనుటకు చోటుంచుడు. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఆ నీటిని ఆవిరి చేయుటకు మంటలోని వేడి కొంత వ్యయమై, మంట చల్లబడి పొగ హెచ్చును.

రెండవది ఎండ. మన ప్రాంతమున సూర్యుడు ఏటా రెండుమార్లు నడినెత్తికి వచ్చును. హైదరాబాదులో ఇది మే మొదటి పక్షమునను, ఆగస్టు మొదటి వారమునను జరుగును. అప్పుడు కప్పు ఒక్కటే మనలను కాపాడగలదు. కాని సాయంకాలపు వంటవేళ పడమటి ఎండ కప్పుక్రిందుగా ఏటవాలున దూరివచ్చును. కావున పడమటివైపు చూరు దిగువకు దించుటయో, అటు ఒక తడికకట్టి చిక్కుడో కాకరో ప్రాకించుటయో మంచిది. రేకుల కప్పు ఎండకు కాగి మరియొక పొయ్యి వంటిదగును, పెంకుటికప్పు మేలు. నడుమ ఎత్తుగా నుంచి కొప్పువద్ద సందు విడిచినచో వేడి పైకి పోవును. తాటాకు పందిరి చల్లన యనుటలో సందేహము లేదు. అయినను దానిక్రింద మంట పెట్టరాదు. ఎండిన ఆకునకు ఒక్క నిప్పురవ్వ చాలును.

చెట్టునీడ చాలదా యని కొందరడుగుదురు. చెట్టును బట్టి చెప్పవలెను. కొబ్బరిచెట్టు క్రింద కాయ పడును, మట్ట పడును. మునగచెట్టుకు గొంగళిపురుగులు పట్టిన దినములలో దానిక్రింద గిన్నె మూత తీయ వీలులేదు. వేపచెట్టు నీడ చల్లనిదే. పూతకాలమున పువ్వు, పిదప పండు రాలుచునే యుండును. చెట్టునీడను కూర్చుండుటకును, కప్పును వండుటకును ఉంచుకొనుట ఉచితము.

మూడవది వండువారి శరీరము, వారి నడక. దీనిని మేము విశేషముగ నొక్కిచెప్పదలచితిమి. ఏలయన, కట్టించునది ఒకరు, వండునది మరియొకరు అయినపుడు దీనినే మరచెదరు. తరుగుటకును, కలుపుటకును ఉపయోగించు బల్ల నిలుచున్నవారి మోచేతికి నాలుగంగుళములు దిగువన ఉండవలెను. అయిదడుగుల ఎత్తు గలవారికి ఇది సుమారు 34 అంగుళములగును. పొయ్యి ఎత్తు, దానిపై గిన్నె ఎత్తు కలియును గనుక, పొయ్యి నిలుపు బల్ల అంతకు నాలుగైదు అంగుళములు తక్కువగా నుండవలెను. పండుగలకు గుండిగ ఎక్కించు పొయ్యి మోకాలి ఎత్తును మించరాదు. గుండిగ అంచు మోచేతికి దిగువనున్నగాని గరిట త్రిప్పువారి భుజములు నొవ్వక మానవు. బల్ల వెడల్పు రెండడుగులు చాలును. బల్ల అడుగున పాదములు దూరుటకు మూడంగుళముల సందు విడువవలెను. ఇది లేనిచో నడుము ముందుకు వంగి నొప్పి పుట్టును. వెనుకనుండి మరియొకరు వేడిగిన్నెతో దాటిపోవుటకు మూడున్నర అడుగుల త్రోవ కావలెను.

లోపలి వంటింటికి ఈ చోటు ఎంత దూరమన్నది అన్నిటికన్న ముఖ్యము. ఉప్పు మరచి ఒకమారు, పోపులపెట్టెకు ఒకమారు, గిన్నెకు ఒకమారు అటునిటు తిరుగవలసివచ్చినచో రెండు వంటిండ్లు రెండింతల చాకిరియగును. పది అడుగుల దూరములో, మెట్లు లేని త్రోవలో ఉండుట మంచిది. ఉప్పు, పసుపు, నూనె, అట్లకాడ, పట్టుకారు ఇచటనే వేరుగా నుండవలెను. కాకి, పిల్లి, కోతి చొరబడకుండ జల్లితలుపుల చిన్న అలమర కట్టించుడు. దీపము వెనుక కాక ముందువైపున, కొంచెము ఎత్తున ఉండవలెను. వెనుకనున్నచో మన నీడయే కత్తిపీటపై పడును.

ఇక రాతి మాట. కడప నల్లబండ చూపునకు అందమైనది, వెలకు అందుబాటైనది. కాని అది సున్నపురాతి జాతి. చింతపండు పులుసో, నిమ్మరసమో ఒలికినచో ఆమ్లము రాతిని తిని మచ్చ చేయును. తాండూరు, షాబాదు బండలదియు అదే గుణము. గ్రానైటునకు ఆ బాధ లేదు. మంట తగులుచోట మాత్రము ఏ బండయు వలదు, వేడికి పగులును. పొయ్యిలోపల సిమెంటు కూర్పు కూడ నిలువదు. కొలుములలో వాడు ఇటుకను బంకమట్టితో కూర్చి, ఊక కలిపిన మట్టితో మెత్తుట ఉత్తమము.

నాలుగవది నీరు. నేల ప్రతి అయిదడుగులకు ఒక అంగుళము వాలుండినచో కడిగిన నీరు నిలువదు. ఆ వాలు పొయ్యి వైపునకు గాని, ఇంటి పునాది వైపునకు గాని ఉండరాదు. బియ్యము కడుగునీరు, కూరలు కడుగునీరు అరటిపాదునకు, చేమపాదునకు మళ్లించుట మన ఇండ్లలో పాత ఆచారము, నేటికిని మంచిదే. జిడ్డునీరు మాత్రము ఒక చిన్న తొట్టిలో నిలిచి, నూనె తేరిన పిమ్మట ఇంకుడుగుంటకు పోవలెను. బావిగాని, బోరుగాని ఉన్నచో ఆ గుంట 50 అడుగుల దూరమున ఉండవలెను.

కడపటిది నిప్పు. పెరటిలో గ్యాసుపొయ్యి పెట్టువారు ఒక విషయము మరువరాదు. వంటగ్యాసు గాలికన్న ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. కారినచో పైకి పోదు. నేలబారుగ ప్రాకి పల్లమున నిలుచును. కావున సిలిండరును గుంటలో దించరాదు, తూము ప్రక్కన పెట్టరాదు, గాలి చొరని అరలో మూయరాదు. అరలో నుంచినచో అడుగున గాలి కన్నములు తప్పక ఉండవలెను. ఎండ తగులకుండ, నిలువుగా, పొయ్యికన్న దిగువన నిలుపవలెను. బయటిగాలికి మంట ఆరిపోయి గ్యాసు మాత్రము వచ్చుచుండుట కలదు. దీనికై పొయ్యికి మూడువైపుల అడుగెత్తు అడ్డు నిలుపుడు. ఆ అడ్డు సిలిండరును చుట్టరాదు. మూకుడులో నూనె అంటుకొన్నచో నీళ్లు చల్లవలదు. నీరు ఆవిరియైనపుడు సుమారు 1,700 రెట్లు వ్యాపించి, మండుచున్న నూనెను నలుదెసల చిమ్మును. పొయ్యి ఆర్పి మూత వేయుడు. పెద్ద మూత ఒకటి ఎల్లప్పుడు చేతికందుచోట ఉండవలెను. తడి తగులు చోటు గనుక విద్యుత్తు తీగలకు ప్రమాదవేళ తనంతట ఆగిపోవు మీట అమర్పించుట అవసరము.

ఇన్ని దారులును కాగితముపై కుదిరినను వెంటనే కట్టింపవలదు. నేలపై ముగ్గుతో బల్లను, పొయ్యిని, త్రోవను గీయుడు. ఇటుకలు పేర్చి, పాతబల్ల వేసి, వారము పదిదినములు అచటనే వండి చూడుడు. పొగ ఎటు పోయినది, ఎండ ఎచట పడినది, ఇంటిలోనికి ఎన్నిమార్లు తిరుగవలసివచ్చినది వండువారినే అడుగుడు. వారు చెప్పినట్లు ముగ్గు చెరిపి తిరిగి గీయుటకు వ్యయమేమియు లేదు. రాయి పరచిన పిదప మార్చుట కష్టము.

మరియొక మాట. ఆ వంటచోటిలో ఎవరైన కూర్చుండుటకు ఒక అరుగు కట్టించుడు. చిక్కుడుకాయ ఈనెలు తీయువారు, కొబ్బరి తురుమువారు, ఊరక కబుర్లు చెప్పువారు అచట చేరుదురు. లోపలి వంటింట ఒంటరిగ సాగు పని ఇచట నలుగురి పనియగును. కట్టడము మొత్తములో మిక్కిలి తక్కువ ఖర్చుతో అగునది ఆ అరుగే. పెరటి వంటచోటు మూలబడక నిత్యము మెలగుచోటుగ నిలుచుట చాలవరకు దానిపై ఆధారపడియుండును.